గోడకు చెవి ఆనించి నేర్చిన భాష

సాంబా అనగానే తెలుగువాళ్లలో చాలామందికి 'షోలే'లో బండ మీద తుపాకీ పట్టుకుని కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. కొంచెం చిన్నవాళ్లకైతే జూనియర్ ఎన్టీఆర్ సినిమా. ఇక ఊళ్లల్లో సాంబయ్యలూ సాంబశివరావులూ ఉండనే ఉన్నారు. కంప్యూటర్ల మధ్య నడిచే సాంబాకి మాత్రం వీళ్లెవరితోనూ చుట్టరికం లేదు. బ్రెజిల్ నాట్యంతో ఉన్న సంబంధం కూడా పేరు వరకే. 1994లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఒక పరిశోధక విద్యార్థికి, తన ప్రోగ్రాముకి పెట్టుకున్న పేరు మీద వేరే కంపెనీకి హక్కు ఉందని ఉత్తరం వచ్చింది. కొత్త పేరు కోసం అతను తల గోక్కోలేదు. కంప్యూటర్లో ఉన్న ఇంగ్లీషు పదాల పట్టికని జల్లెడ పట్టాడు. నిబంధన ఒక్కటే: మొదటి అక్షరం ఎస్, తర్వాత ఎక్కడో ఒక ఎమ్, ఆ తర్వాత ఎక్కడో ఒక బి. జల్లెడలో నిలిచిన మాటల్లో సాల్మన్‌బెర్రీ అనే పండు ఉంది, సాటింబర్ అనే కోత కలప ఉంది, స్క్రాంబుల్ ఉంది, సాంబా ఉంది. ఎంపికకి ఎక్కువసేపు పట్టి ఉండదు.

ఆ మూడక్షరాల పట్టుదల ఎందుకంటే, ఆ ప్రోగ్రాము మాట్లాడే భాష పేరే ఎస్‌ఎమ్‌బి. సర్వర్ మెసేజ్ బ్లాక్. 1980ల మొదట్లో ఐబీఎమ్‌లో బారీ ఫైగెన్‌బామ్ దీన్ని తయారుచేశాడు. మొదట తన పేరులోని పొడి అక్షరాలే దానికి పెట్టుకున్నాడు గానీ, బయటికి వచ్చేలోపు అది మారింది. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుతో "ఫలానా ఫైలు తెరువు, ఇక్కణ్నించి ఇన్ని బైట్లు ఇవ్వు, నేను రాస్తున్నంతసేపూ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు" అని చెప్పుకునే పద్ధతి అది. మైక్రోసాఫ్ట్ దాన్ని తన లాన్ మేనేజర్‌లోకి తీసుకుంది. అక్కణ్నించి అది విండోస్ కంప్యూటర్ల ఇంటి భాష అయిపోయింది.

యూనిక్స్ వాళ్ల ఇంట్లో మాట వేరు. అక్కడ 1984 నుంచీ సన్ మైక్రోసిస్టమ్స్ వారి ఎన్‌ఎఫ్‌ఎస్ నడుస్తోంది. 1991 ఆగస్టులో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన లైనక్స్ కూడా యూనిక్స్ సంప్రదాయంలో పెరిగిన పిల్లే కాబట్టి అదే మాట నేర్చింది. ఫలితంగా ఒకే గదిలో రెండు రకాల యంత్రాలు, రెంటి మధ్యా మంచి రాగి తీగ, ఆ తీగ మీద నడవడానికి ఉమ్మడి మాట మాత్రం లేదు. పక్క బల్ల మీదికి ఫైలు చేరాలంటే 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఎక్కించి, చేత్తో పట్టుకుని నడిచి వెళ్లాలి. ఫ్లాపీ పట్టనంత ఫైలైతే ముక్కలు చేసి నాలుగు ఫ్లాపీల్లో మోయాలి. మూడో ఫ్లాపీ చెడిపోయి ఉంటుంది.

1991 డిసెంబరు. కాన్‌బెర్రాలో డిసెంబరంటే ఎండాకాలం సెలవులు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ చేతికి ఎక్స్‌కర్షన్ అనే కొత్త ప్రోగ్రాము వచ్చింది. యూనిక్స్ యంత్రంలో నడిచే కిటికీలని పీసీ తెర మీద చూపించే సరుకు అది, డెక్ కంపెనీ తయారీ. చిక్కు ఏమిటంటే అది నడవాలంటే అదే కంపెనీ వారి పాత్‌వర్క్స్ అనే నెట్‌వర్కు సరంజామా ఉండాలి. పాత్‌వర్క్స్ పెట్టుకుంటే తన ఫైళ్లున్న సన్ యంత్రం అందదు. తెర కావాలా, ఫైళ్లు కావాలా తేల్చుకోమన్నట్టు అయింది.

ట్రిడ్జెల్‌కి రెండూ కావాలి. పాత్‌వర్క్స్ పీసీ తన సర్వరుతో ఏం మాట్లాడుతోందో మధ్యలో కూర్చుని వినే చిన్న ప్రోగ్రాము రాశాడు. పీసీ ఏదో బైట్ల మూట పంపుతుంది, సర్వరు ఏదో మూట తిరిగి ఇస్తుంది. ఇటు ఒక ఫైలు తెరిచినప్పుడు అటు ఏ మూట కదిలింది, చెరిపేసినప్పుడు ఏది కదిలింది అని గుర్తు పెట్టుకుంటూ పోయాడు. కొద్దిరోజుల్లోనే పీసీని నమ్మించేలా జవాబులిచ్చే నకిలీ సర్వరు తయారైంది. 1992 జనవరిలో దాన్ని 'సర్వర్ 0.1' పేరుతో అందరికీ విడుదల చేశాడు. తాను నేర్చుకున్నది డెక్ వారి సొంత భాష అనుకున్నాడే తప్ప, ఐబీఎమ్‌లో పుట్టి మైక్రోసాఫ్ట్‌లో పెరిగిన ఎస్‌ఎమ్‌బి అని అప్పటికి అతనికి తెలియదు. దానికి ఆధారమైన నెట్‌బయాస్ వివరాలు 1987 నుంచే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో అచ్చయి ఉన్నాయి, వాటిని చూసినా తను రాసినదానితో పోలిక కనబడలేదు.

ఈ పని ఎలా చేస్తారని అడిగేవాళ్లకి చాలా ఏళ్ల తర్వాత అతనొక పోలిక చెప్పాడు. ఫ్రెంచి రాదు, నిఘంటువు లేదు, నేర్పేవాళ్లు లేరు. ఫ్రాన్సులో ఒక కాఫీ కొట్లో మూల బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో, వడ్డించేవాడు ఏం తెచ్చిపెడుతున్నాడో చూస్తూ ఉండటమే మార్గం. మద్రాసు వెళ్లిన తెలుగువాళ్లు తమిళం పట్టుకున్న తీరు కూడా ఇంచుమించు ఇదే. పక్క బల్ల మీదివాడు ఒక మాట అనగానే చట్నీ వచ్చింది, ఇంకో మాట అనగానే బిల్లు వచ్చింది. ఇక్కడ ఒక లోటు ఉంది. ఆ కొట్లో ఎవరూ అడగని వంటకం పేరు ఎన్నేళ్లు కూర్చున్నా తెలియదు. అందుకే తర్వాతి రోజుల్లో సాంబా బృందం వినడంతో ఊరుకోలేదు. ప్రతి ఆజ్ఞ సంఖ్యనీ వరసగా విసిరి, దేనికి జవాబొస్తుందో చూసే ప్రోగ్రాములు రాసింది. ఒకే ప్రశ్నని అసలు విండోస్ సర్వరుకీ తమ సర్వరుకీ వేసి, జవాబులు ఎక్కడ తేడాపడ్డాయో పట్టుకునే పరీక్షలు రాసింది. ఆ పరీక్షల మూటకి పెట్టిన పేరు 'ఎస్‌ఎమ్‌బి టార్చర్'. పేరులో అతిశయోక్తి ఏమీ లేదు.

మళ్లీ కథలోకి వస్తే, ఆ మొదటి సర్వరుని ట్రిడ్జెల్ విడుదల చేసి దాదాపు రెండేళ్లు పక్కన పడేశాడు. 1993 చివర్లో ఇంట్లో అవసరం పడింది. భార్యది విండోస్ పీసీ, తనది లైనక్స్. రెంటినీ కలిపే సాధనం ఏదీ చేతిలో లేక తన పాత సర్వరుని తీసి పెట్టి చూశాడు. పని చేసింది! పాత్‌వర్క్స్‌ని వింటూ రాసినది మైక్రోసాఫ్ట్ విండోస్‌తో ఎందుకు మాట్లాడుతోందో అప్పుడే తెలిసొచ్చింది: రెండూ ఒకే భాష. ఆ డిసెంబరులోనే పని మళ్లీ మొదలుపెడుతున్నట్టు ప్రకటించాడు. కోడు ఎవరైనా తీసుకుని మార్చుకునేలా జీపీఎల్ లైసెన్సు కింద పెట్టాడు. పేరు ఎస్‌ఎమ్‌బి సర్వర్ అనుకున్నాడు. సింటాక్స్ అనే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, జల్లెడ పట్టాడు, సాంబా అయింది.

తర్వాతి నాలుగైదేళ్లలో సాంబా చేసిన పని అనువాదకుడి పని. అనువాదకుడికి తెలిసే అవస్థలన్నీ దానికి ఎదురయ్యాయి. మచ్చుకి ఫైలు పేర్లు. డాస్‌లో పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతకుమించి కుదరదు. యూనిక్స్‌లో పేరు అంతకంటే చాలా పొడవుండచ్చు, పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ తేడా కూడా ఉంది. లైనక్స్ మీద 'పెళ్లిపత్రిక-రెండోప్రూఫు' అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన ఫైలు డాస్ పీసీకి కనిపించాలంటే కత్తిరించక తప్పదు. సాంబా మొదటి అయిదు అక్షరాలు ఉంచి, ఒక అల గుర్తు పెట్టి, పక్కన ఏవో రెండక్షరాలు లెక్కకట్టి చేర్చేది. మూడోప్రూఫుకీ మొదటి అయిదక్షరాలూ అవే. చివరి రెండక్షరాలు చూసి ఏది ఏ ప్రూఫో మనిషే గుర్తుపట్టుకోవాలి.

వరస చివరలూ అంతే. టైపు మిషనులో వరస అయ్యాక రెండు పనులుంటాయి: బండిని వెనక్కి లాగడం, కాగితం ఒక వరస పైకి జరపడం. డాస్, దాని వెనకే విండోస్, ప్రతి వరస చివరా ఈ రెంటికీ రెండు గుర్తులు పెట్టాయి. యూనిక్స్ ఒక్కటే పెట్టింది. లైనక్స్‌లో రాసిన ఉత్తరాన్ని పాత నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఉత్తరమంతా ఒకే వరస. విండోస్‌లో రాసినది లైనక్స్‌లో తెరిస్తే ప్రతి వరస చివరా ఒక అర్థం కాని గుర్తు. సాంబా ఈ తగువులో తలదూర్చలేదు. ఫైలు లోపల ఉన్నది ఉన్నట్టు ఇచ్చింది. మంచి నిర్ణయమే, ఎందుకంటే ఏది ఉత్తరమో ఏది ఫొటోనో సర్వరుకి తెలియదు. వరస చివరల్ని సరిచేస్తానని ఫొటోలో బైటు కలిపితే ఫొటో పోతుంది.

తెలుగు వచ్చేసరికి ఇంకో రకం తమాషా. తెలుగు డీటీపీ చాలాకాలం ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు ఫాంటు తొడుగు వేసి నడిచింది కాబట్టి ఫైలు పేర్లు ఇంగ్లీషులోనే ఉండేవి, తంటా రాలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్ తెచ్చింది. 2003 సెప్టెంబరులో సాంబా 3.0 తీగ మీద యూనికోడ్ మాట్లాడటం మొదలుపెట్టింది. అప్పటినుంచీ తెలుగు పేరున్న ఫైలు ప్రశ్నార్థకాల వరసగా మారకుండా అవతలికి చేరుతోంది. కానీ విండోస్ తెలుగు గుర్తుకి రెండు బైట్లు వాడుతుంది, లైనక్స్ మూడు. విండోస్‌లో పేరు పరిమితి 255 గుర్తులు. లైనక్స్‌లో సాధారణంగా 255 బైట్లు, అంటే తెలుగులో 85 గుర్తులు. పైగా ఒత్తూ గుణింతమూ విడివిడి గుర్తులే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం లోపల ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. కార్యక్రమం పేరూ ఊరూ తేదీ అన్నీ తెలుగులో కలిపి ఫైలు పేరు పెట్టేవాళ్లకి, విండోస్‌లో నిక్షేపంగా ఉన్న ఫైలు లైనక్స్ సర్వరుకి కాపీ కానని మొరాయించడం వెనక ఉన్న లెక్క ఇదీ.

అన్నిటికంటే వినోదం ఎన్నికలు. విండోస్ 95లో 'నెట్‌వర్క్ నైబర్‌హుడ్' తెరిస్తే ఇరుగుపొరుగు కంప్యూటర్ల జాబితా కనపడేది. ఆ జాబితా రాసే గుమాస్తా ఎవరన్నది యంత్రాలు తమలో తాము ఓట్లేసుకుని తేల్చుకునేవి. ప్రతి రకానికీ ఒక హోదా అంకె ఉంది. విండోస్ 95కి 1, విండోస్ ఎన్‌టీ వర్క్‌స్టేషనుకి 16, ఎన్‌టీ సర్వరుకి 32. అంకె పెద్దదైతే గెలుపు. సాంబాలో ఆ అంకె మనమే రాసుకోవచ్చు. 33 రాస్తే ఎన్‌టీ సర్వరు మీద ఒక్క ఓటు తేడాతో సర్పంచి అయినట్టు. తెలిసీ తెలియని కుర్రాడెవడో ఆఫీసులో తన లైనక్స్ పీసీలో 65 రాసుకున్నాడంటే ఊరి జాబితా అంతా అతని బల్ల కిందికి చేరేది. సాయంత్రం అతను మిషను ఆపేసి ఇంటికి పోతే పక్కింటి యంత్రాలు కనపడక మిగతావాళ్లు వెతుక్కునేవాళ్లు, మళ్లీ ఎన్నిక జరిగేదాకా.

ఇవన్నీ సాంబా వైపు తిప్పలు. అవతలివైపు నుంచి వచ్చే మార్పులు వేరే. 1997లో విండోస్ ఎన్‌టీకి వచ్చిన మూడో సర్వీస్ ప్యాకు, పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు తీగ మీద పంపడానికి నిరాకరించింది. భద్రత దృష్ట్యా అది సరైన పనే. కానీ అప్పటికి చాలా సాంబా సర్వర్లు పాస్‌వర్డుని ఉన్నదున్నట్టే అడిగేవి. సర్వీస్ ప్యాకు వేసిన మర్నాడు లైనక్స్ సర్వరులోని ఫోల్డర్లన్నీ మూసుకుపోయాయి. సాంబాతో పాటు విండోస్ రిజిస్ట్రీని వెనక్కి తిప్పే చిన్న ఫైళ్లు కూడా ఇచ్చేవాళ్లు. చాలా ఆఫీసుల్లో మరమ్మతంటే అదే. తాళం మార్చడం మాని తలుపు తీసి ఉంచడం. పాస్‌వర్డుని మరుగుపరిచి పంపే పద్ధతి సాంబాలో ఉన్నా, అందరూ దానికి మారడానికి కాలం పట్టింది.

1999 ఏప్రిల్లో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ మైక్రోసాఫ్ట్ ఖర్చుతో ఒక పోటీ పెట్టి, ఫైలు సర్వరుగా విండోస్ ఎన్‌టీ లైనక్స్-సాంబా జోడీ కంటే రెండున్నర రెట్లు వేగమని తేల్చింది. లైనక్స్ వాళ్లు భగ్గుమన్నారు. పెళ్లికొడుకు ఖర్చుతో జాతకం రాయించినట్టుందన్నది వాళ్ల వాదన. కోపంలో న్యాయం ఉంది. అయితే జూన్‌లో ఇరుపక్షాల ఎదుటా మళ్లీ కొలిచినా ఎన్‌టీయే ముందుంది. నాలుగు ప్రాసెసర్లున్న పెద్ద యంత్రం మీద లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ అప్పట్లో తడబడిన మాట నిజం. తిట్టుకోవడం అయ్యాక కెర్నెల్ రాసేవాళ్లు కూర్చుని ఆ తడబాటు సరిచేశారు. ఆ పరీక్ష వల్ల చివరికి ఎక్కువ లాభపడింది లైనక్సే.

ఇంతవరకూ చెప్పింది ఫైలు పంచుకోవడం గురించి. దాచుకోవడం వేరే విద్య. విచిత్రంగా దానికి బాగా పనికొచ్చిన సాధనం రాసిందీ అదే ఊళ్లో అదే మనిషి.

ట్రిడ్జెల్ ఇంటి నుంచి యూనివర్సిటీకి ఫోను మోడెం మీద పనిచేసేవాడు. ఆ రోజుల్లో మంచి మోడెం అంటే సెకనుకి 28.8 కిలోబిట్లు. ఒక్క మెగాబైటు దిగాలంటే అయిదు నిమిషాలు. ఫైల్లో నాలుగు వరసలు మార్చినందుకు మొత్తం ఫైలు మళ్లీ పంపడం అతనికి నచ్చలేదు. మారిన వరసలు మాత్రమే పంపాలంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. పాతది అక్కడుంది, కొత్తది ఇక్కడుంది. పోల్చడానికి ఒకదాన్ని తీగ దాటించాలి. దాటించాక ఇక పోల్చడం దేనికి?

ఈ ముడి విప్పిన తీరు అందంగా ఉంటుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. రెండు ఊళ్లలో ఒకే పుస్తకం రెండు ప్రతులున్నాయనుకోండి. ఒకదానిలో కొన్ని దిద్దుబాట్లు జరిగాయి. మధ్యలో ఉన్నది ట్రంకు కాల్ ఒక్కటే, నిమిషానికింత బిల్లు. పాత ప్రతి ఉన్నతను పుస్తకాన్ని సమానమైన ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ ఒక లెక్క కట్టి, ఆ అంకెలు మాత్రం ఫోనులో చదువుతాడు. కొత్త ప్రతి ఉన్నతను తన పుస్తకంలో అదే అంకె వచ్చే ముక్కలు ఎక్కడున్నాయో వెతుకుతాడు. దొరికినవి దొరికినట్టే, అవి అక్కడ ఉన్నాయి. దొరకని భాగాలు మాత్రం చదివి వినిపిస్తాడు. ఇంతవరకూ ఎవరికైనా తట్టే ఉపాయమే. కానీ కొత్త పుస్తకంలో మొదటి పేజీలో ఒక్క మాట చేరిస్తే చాలు, ఆ తర్వాతి ముక్కలన్నీ ఒక మాట మేర పక్కకి జరిగిపోతాయి, ఏ అంకె కూడా కలవదు. అందువల్ల ప్రతి అక్షరం దగ్గర్నించీ ఒక్కో ముక్క మొదలవుతుందని అనుకుని లెక్క కట్టి చూడాలి. అంత లెక్క కట్టే ఓపిక అప్పటి యంత్రాలకి లేదు.

ట్రిడ్జెల్, అతని సహచరుడు పాల్ మాకెరస్ వాడినది దొర్లే లెక్క. నిండిన బస్సులో ఒకరు దిగి ఒకరు ఎక్కితే కండక్టరు మళ్లీ మొదటినుంచీ తలలు లెక్కపెట్టడు. ఒకటి తీసేసి ఒకటి కలుపుతాడు. అలాగే ముక్క ఒక అక్షరం ముందుకి జరిగినప్పుడు వెనక దిగినదాన్ని తీసేసి, ముందు ఎక్కినదాన్ని కలిపితే కొత్త లెక్క వచ్చేస్తుంది. ఈ చవక లెక్క ఎప్పుడైనా పొరపడుతుంది కాబట్టి, అది కలిసిన చోట మాత్రమే ఎండీ4 అనే ఖరీదైన లెక్కతో రూఢి చేసుకుంటారు. 1996 జూన్‌లో ఆర్‌సింక్ పేరుతో ప్రోగ్రాము బయటికొచ్చింది. ట్రిడ్జెల్ 1999లో ఇచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో ఇదే ప్రధాన భాగం. ప్రపంచమంతా వాడుతున్న సాంబా ఆ పట్టాకి అక్కర్లేని ఉప ఉత్పత్తి అనుకోవాలి.

సాంబా, ఆర్‌సింక్ రెండూ చేతికొచ్చాక చిన్న ఆఫీసుల్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. మూలనున్న పాత పీసీలో లైనక్స్ వేసి, రెండు పెద్ద డిస్కులు బిగించి, రాత్రిపూట అందరి విండోస్ యంత్రాల్నీ దాని మీదికి నకలు తీయించడం. సాంబాతోనే వచ్చే ఎస్‌ఎమ్‌బి క్లయింట్ విండోస్ ఫోల్డర్ని లైనక్స్ వాళ్ల టార్ మూటగా కట్టిపెట్టేది. 2001లో క్రెయిగ్ బారట్ విడుదల చేసిన బ్యాకప్ పీసీ అనే ప్రోగ్రాము ఈ పనికో పద్ధతి తెచ్చింది. ఇరవై పీసీల్లో ఒకే ఫైలు ఉంటే సర్వరు మీద ఒక్కసారే దాస్తుంది. దీనికి వాడుకున్నది యూనిక్స్‌లో ఎప్పట్నించో ఉన్న హార్డ్ లింకు: సరుకు ఒక్కటే, పేర్లు ఎన్నయినా. నిన్నటి బ్యాకప్‌లో ఉన్న ఫైలు ఇవాళ మారకపోతే ఇవాళ్టి ఫోల్డర్లో దానికి ఇంకో పేరు తగిలిస్తే సరి, చోటు ఖర్చు లేదు. మైక్ రూబెల్ అనే అతను ఆర్‌సింక్‌తో ఇదే కిటుకు ఎలా చేయాలో వివరించాక, ఆ దారిలోనే ఆర్‌స్నాప్‌షాట్ అనే ప్రోగ్రాము వచ్చింది. డిస్కు మీద ఖర్చయ్యేది ఒక పూర్తి ప్రతి, దాని మీద రోజువారీ మార్పులు. చూడ్డానికి మాత్రం ముప్పై రోజుల పూర్తి ప్రతులు.

ఇక్కడా గడియారం తగువొకటి ఉంది. ఫైలు మారిందా లేదా అని ఆర్‌సింక్ మామూలుగా తేల్చేది పరిమాణమూ సమయమూ చూసి. విండోస్ పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్ పద్ధతి సమయాన్ని రెండేసి సెకన్ల చొప్పునే రాసుకుంటుంది. 7వ సెకను దానికి లేదు, 6 లేదా 8. లైనక్స్ నుంచి దాని మీదికి కాపీ చేసి మళ్లీ పోల్చితే సగం ఫైళ్లు మారినట్టు కనబడతాయి. ఒక సెకను అటూయిటూ అయితే పట్టించుకోవద్దని ఆర్‌సింక్‌కి విడిగా చెప్పాలి. ఫ్యాట్ స్థానిక సమయాన్నే రాసుకుంటుంది కూడా. వేసవికి గడియారం గంట ముందుకి జరిపే దేశాల్లో ఏడాదికి రెండు రోజులు ఫైళ్లన్నీ ఒక్కసారిగా గంట పెద్దవో చిన్నవో అయిపోతాయి. ఆ బాధ మనకి లేదు.

వింటూ నేర్చుకునే కాలం ఎన్నాళ్లు సాగేదో గానీ, కథ కోర్టుకెక్కింది. సన్ కంపెనీ 1998లో ఇచ్చిన ఫిర్యాదు మీద విచారించిన యూరోపియన్ కమిషన్, 2004 మార్చి 24న మైక్రోసాఫ్ట్‌కి 49 కోట్ల 70 లక్షల యూరోలు జరిమానా వేసింది. విండోస్ సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే పద్ధతిని పోటీదారులకి తెలియజేయాలనీ ఆదేశించింది. మైక్రోసాఫ్ట్ అప్పీలుకి వెళ్లింది. లక్సెంబర్గ్ కోర్టులో సాంబా పక్షాన ట్రిడ్జెల్ స్వయంగా న్యాయమూర్తులకి ఈ సాంకేతిక గొడవ వివరించాడు. 2007 సెప్టెంబరు 17న కోర్టు కమిషన్ మాటే నిలబెట్టింది. ఆ డిసెంబరు 20న, సాంబా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తరఫున ఏర్పాటైన ఒక సంస్థ, ఒకేసారి 10,000 యూరోలు చెల్లించి మైక్రోసాఫ్ట్ వివరాల పత్రాలు పొందే ఒప్పందం చేసుకుంది. రెండు నెలలకే మైక్రోసాఫ్ట్ 30,000కి పైగా పేజీలు ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. పదహారేళ్లు కాఫీ కొట్లో కూర్చున్నవాళ్లకి చివరికి మెనూ కార్డు దొరికింది. 2011లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులే సాంబాకి కోడు రాసి పంపారు. 2012 డిసెంబరులో వచ్చిన సాంబా 4.0 ఫైళ్లు ఇవ్వడమే కాదు, ఆఫీసు మొత్తానికి లాగిన్లు చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ సర్వరుగా కూడా నిలబడింది.

ఆ కోర్టు గొడవ మధ్యలోనే ట్రిడ్జెల్ చెవి ఇంకో గోడకి ఆనింది. లైనక్స్ కెర్నెల్ కోడుని అప్పట్లో బిట్‌కీపర్ అనే కంపెనీ సరుకుతో నిర్వహించేవారు. దాని సర్వరుతో మాట్లాడే ఉచిత ప్రోగ్రాము రాయాలని అతను ప్రయత్నించాడు. బిట్‌కీపర్ యజమానులు అలిగి ఉచిత వాడకం ఆపేశారు. 2005 ఏప్రిల్లో ట్రిడ్జెల్ తను ఏం చేశాడో ఒక సభలో చూపించాడు: సర్వరుకి కనెక్టయి 'హెల్ప్' అని టైపు చేశాడు, అది తన ఆజ్ఞల జాబితా మొత్తం అప్పజెప్పింది. చేతిలో పనిముట్టు పోయిన లైనస్ టోర్వాల్డ్స్ ఆ నెలలోనే సొంతంగా ఒకటి రాసుకున్నాడు. అదే గిట్.

ఎస్‌ఎమ్‌బి మొదటి రూపం ముసలిదైపోయిందని మైక్రోసాఫ్ట్‌కే తెలుసు. విండోస్ విస్టాతో తెచ్చిన రెండో రూపంలో వందకి పైగా ఉన్న ఆజ్ఞల్ని 19కి కుదించింది. అయినా మొదటిది పాత యంత్రాల కోసం ప్రతిచోటా తెరిచే ఉంది. 2017 మే 12న వానాక్రై అనే పురుగు ఆ తలుపు గుండానే వచ్చింది. అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ దాచుకున్న ఒక కన్నం ఏప్రిల్లో బయటపడింది. దాని మరమ్మతు మార్చిలోనే వచ్చినా అందరూ వేసుకోలేదు. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ఆ పురుగు బ్రిటన్ ఆసుపత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్ల దాకా పాకింది. లైనక్స్ వాళ్లు నవ్వుకునే తీరిక లేకపోయింది. పన్నెండు రోజులకే, 2010 నాటి 3.5 నుంచీ సాంబాలోనూ ఒక పెద్ద కన్నం ఉందని బయటపడింది.

ఫైలు పంచుకోవడానికీ దాచుకోవడానికీ తేడా చాలామందికి అప్పుడు తెలిసింది. పంచుకున్న ఫోల్డరు పురుగుకీ పంచుకున్నదే. విండోస్ పీసీ నుంచి రాయడానికి వీలున్న బ్యాకప్ ఫోల్డర్ని ఆ పీసీకి పట్టిన తెగులు కూడా రాయగలదు. పీసీ తనంతట తాను సర్వరు మీదికి నెట్టే బ్యాకప్ కంటే, సర్వరే వచ్చి పీసీ నుంచి లాక్కునే బ్యాకప్ మేలన్నది అందుకే. లాక్కునే పద్ధతిలో బ్యాకప్ గది తాళంచెవి పీసీ దగ్గర ఉండదు. బ్యాకప్ పీసీ మొదట్నించీ లాక్కునే రకమే. సాంబాలో ఇంకో సదుపాయం ఉంది: లైనక్స్ డిస్కు తీసిపెట్టుకున్న పాత రోజుల ప్రతుల్ని విండోస్‌లో ఫైలు మీద కుడి క్లిక్కు కొడితే వచ్చే 'ప్రీవియస్ వెర్షన్స్' జాబితాలో చూపిస్తుంది. చదవచ్చు, తిరిగి తెచ్చుకోవచ్చు, చెరపడం కుదరదు.

2017 చివర్లో విండోస్ 10 పాత ఎస్‌ఎమ్‌బిని కొత్త మిషన్లలో పెట్టడం మానేసింది. 2019లో సాంబా 4.11 కూడా దాన్ని మామూలుగా ఆపి ఉంచింది. దాంతో పాటు నెట్‌వర్క్ నైబర్‌హుడ్ ఎన్నికలూ పోయాయి. ఫొటో స్టూడియోల్లో పెళ్లి వీడియోలు దాచే, నెట్‌వర్కుకి తగిలించి వాడే పాత నాస్ పెట్టెలు ఒక అప్‌డేటు తర్వాత ఉన్నట్టుండి కనిపించకుండా పోవడానికి కారణం ఇదే. పెట్టె బాగానే ఉంది, దాని భాషే ఇక ఎవరూ మాట్లాడటం లేదు. సైనాలజీ కంపెనీవైనా క్యూనాప్ కంపెనీవైనా కొత్త పెట్టెల లోపలా ఉండేది లైనక్సే, దాని మీద సాంబాయే, పక్కనే ఆర్‌సింక్. కొన్నవాళ్లలో చాలామందికి ఆ పేర్లు తెలియవు.

ట్రిడ్జెల్ చాలా ఏళ్ల కిందటే డ్రోన్లు నడిపే ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ పనిలో పడ్డాడు. ఆర్‌సింక్‌ని ఎక్కువకాలం వేరేవాళ్లు చూసుకున్నారు. 2025 జనవరి 14న దానిలో ఆరు భద్రతా లోపాలు బయటపెడుతూ 3.4.0 విడుదలైంది. ఆరింటిలో ఘోరమైనది చెక్‌సమ్ పొడవుని సరిచూడకపోవడం, అంటే ఫోనులో అవతలివాడు చదివే అంకె ఎంత పొడవుందో చూడకుండా రాసుకుంటూ పోవడం. ఆ విడుదలని ప్రకటించిన మనిషి మళ్లీ ఆండ్రూ ట్రిడ్జెలే. ఒకటి రెండు రోజులకే 3.4.1 తేవలసివచ్చింది, సరిదిద్దిన చోట కొత్త ఇబ్బందులు తేలాయి.